పదహారో నంబరు పెట్టె

జనవరి. బార్మత్‌లో సముద్రానికి తప్ప
ఎవరికీ పని లేదు.
ఆటల హాలు షట్టరు సగం దించి
పదహారో నంబరు పెట్టెను గోడ నుంచి ఈడ్చి
వెనక తలుపు తీశాను.
నలభై ఏళ్ళ దుమ్ము, ఒక ఐస్‌క్రీం పుల్ల,
ఇప్పుడు చెల్లని పెద్ద పది పెన్నీల బిళ్ళ,
సాలీడు ఎప్పుడో ఖాళీ చేసిన ఇల్లు.

జబ్బు కనపడుతూనే ఉంది:
తెర మధ్యన అడ్డంగా ఒకే ఒక్క తెల్ల గీత.
ఆకాశం, రాళ్ళు, శత్రు నౌకలు, మిగిలిన మూడు ప్రాణాలు
అన్నీ అందులోనే ఇరుక్కుని
వెంట్రుక మందాన బతుకుతున్నాయి.
బొమ్మ చావలేదు. లేచి నిలబడలేకపోతోంది, అంతే.

"ముందు దాని కోపం దించు, నెరిస్" అన్నాడు ఇడ్వల్
కుర్చీలోంచి, కోటు విప్పకుండానే.
ఈ హాలులో ముప్పై రెండేళ్ళు చేసిన మనిషి.
వచ్చినవాళ్ళతో ఇంగ్లీషు, యంత్రాలతో వెల్ష్.
ఇప్పుడు టీ తాగడానికి వస్తాడు.
తాగి, వెళ్ళడు.

ప్లగ్గు పీకినా గాజుబుడ్డి మరిచిపోదు.
ఇరవై వేల వోల్టులు కడుపులో దాచుకుని
ఎవరు చెయ్యి పెడతారా అని చూస్తుంది.
ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాను (అతను నేర్పిందే),
స్క్రూడ్రైవరుకు తీగ చుట్టి, తీగను చట్రానికి తగిలించి
రబ్బరు టోపీ కిందికి మొన దూర్చాను.
టప్.
అంతే కోపం.

బోర్డు తిప్పి భూతద్దం పెడితే
ఒక కాలు చుట్టూ సన్నటి నల్ల ఉంగరం.
వేడికి ఉబ్బి, చలికి ముడుచుకుని
మడమలా పగిలిన టంకం.
పాతది పీల్చేసి కొత్తది కరిగించాను.
పాదరసంలా మెరిసి
కాలు చుట్టూ సర్దుకుని కూర్చుంది.

ప్లగ్గు పెట్టాం. బుడ్డి మెడలో నారింజ రంగు రవ్వ.
"పాడుతోందా?" అడిగాడు.
దోమ గొంతు కన్నా సన్నని ఆ కీచు
అతని చెవులు విడిచి పదేళ్ళు.
"పాడుతోంది" అన్నాను.
నాకూ, నిజం చెప్పాలంటే, ఒక చెవిలోనే.

గీత విచ్చుకుంది. పైకీ కిందికీ, తెర నిండా.
సర్వీసు మీట నొక్కితే తెల్ల గళ్ళు వచ్చాయి.
వెనక కూర్చుని మరలు తిప్పేవాళ్ళకు
ముందున్నది కనపడదు కాబట్టి
మంగలి షాపు మూసేసినప్పుడు కొన్న అద్దం ఒకటుంది.
దాన్ని తెరకు ఎదురుగా
ఇడ్వల్ మోకాళ్ళ మీద నిలబెట్టి పట్టుకున్నాడు.

గళ్ళు వణుకుతున్నాయి.

నిలువు పట్టు మర తిప్పాను. వణుకుతున్నాయి.
ఆపి, మళ్ళీ కోపం దించి,
తల ఉబ్బిన కెపాసిటర్ తీసి కొత్తది వేశాను.
వణుకుతున్నాయి.
ఆరు కెపాసిటర్లు. గంటన్నర. టీ మీద మీగడ.
మీటరు ముల్లు ఎక్కడ ఆనించినా
వోల్టేజీ బండరాయిలా ఉంది.
లెక్క ప్రకారం ఇది వణకకూడదు.

జారిపోయిన స్క్రూ కోసం
మోకాళ్ళ మీద పాకుతూ ముందు వైపుకి వచ్చాను.
తలెత్తితే
తెర మీద గళ్ళు, దర్జీ సుద్దతో గీసినట్టు,
ఎక్కడివక్కడ.

తెర వైపే చూశాను. అద్దం వైపు చూడలేదు.
దాన్ని పట్టుకున్న వేళ్ళ వైపు
అసలు చూడలేదు.

"దొరికిందా?"
"ఆ. కరెంటు. ఈ వేళకి ఊరంతా హీటర్లు వేస్తారు కదా."
"అదే అయ్యుంటుంది" అన్నాడు,
మరీ తొందరగా.

మళ్ళీ వెనక్కి వెళ్ళాను.
ఎత్తు సరిచేయాలి, వెడల్పు కూడా, ఎరుపు కాస్త ఎక్కువుంది.
అద్దంలో వణికే గళ్ళనే చూస్తూ
అల మీద ఊగే పడవలోకి అడుగు వేసేవాళ్ళలా
రెండు వణుకుల మధ్య బొమ్మ నిలబడే
ఆ ఒక్క క్షణం కోసం ఆగి
మర పావు వంతు తిప్పాను.
ఆగి, ఇంకో పావు.

"ఇంకొంచెం పైకి పట్టుకోనా?"
"వద్దు. అలాగే ఉంచు.
బాగా కనపడుతోంది."